ముప్పైఏడో నంబరు కాలు

ఆ బూట్ల కార్ఖానాలో అందరూ చేతులతో బతికేవాళ్ళే. ఆవిడొక్కతే కాలితో బతికేది. అదీ రెండు కాళ్ళతో కాదు, ఒక్క కుడికాలితో.

ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. గేటు దగ్గర కాపలావాడి నుంచి అద్దాల గదిలో మేనేజరు దాకా అందరికీ ఆవిడ ముప్పైఏడు. ఆడవాళ్ళ బూటు ఏది కొత్తగా తయారుచేసినా ముందు ముప్పైఏడో సైజులో ఒకటి కుట్టి చూస్తారు. అది బాగుంటేనే మిగతా సైజులు. ఆ మొదటి బూటు తొడుక్కుని, నడిచి, ఎలా ఉందో చెప్పడం ఆవిడ పని. వయసులో చిన్నవాళ్ళు గౌరవంగా ముప్పైఏడక్క అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా అది ఆవిడ వయసనుకుని పొరబడితే మాత్రం దిద్దేది కాదు. నలభై దాటి చాలాకాలమైన మనిషికి అలాంటి పొరపాట్లు అరుదుగా దొరుకుతాయి.

ఆ పని చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. చెయ్యడానికి ఇంకా తేలికని కార్ఖానాలో మిగతా ఆడవాళ్ళందరి అభిప్రాయం. నమూనాల గదిలో కిటికీ పక్కన ఆవిడకో కుర్చీ ఉంది. చేతులున్న కుర్చీ. మేనేజరుది తీసేస్తే ఆ భవనం మొత్తంలో చేతులున్న కుర్చీ అదొక్కటే. కొత్త బూటు రాగానే ఆవిడ తీరిగ్గా మేజోడు తొడుక్కుని, కాలు దూర్చి, కళ్ళు మూసుకునేది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవాళ్ళు. తర్వాత లేచి చెక్కబల్ల మీద ఒకసారి, సిమెంటు నేల మీద ఒకసారి నడిచి, మెట్లెక్కి దిగి, వచ్చి కూర్చుని తీర్పు చెప్పేది.

"మడమ తేలుతోంది."

లేదా, "చిటికెనవేలు ఏడుస్తోంది."

లేదా, "పైన మరీ పెత్తనం చేస్తోంది, కాస్త వదులు చెయ్యండి."

మేనేజరు రాసుకునేవాడు. కత్తిరించేవాళ్ళు మళ్ళీ కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు గొణుక్కుంటూ మళ్ళీ కుట్టేవాళ్ళు. ఆవిడ "ఊఁ, బానే ఉంది" అనేదాకా ఎవరికీ కుదురుండేది కాదు. మన ఊఁ కోసం అంతమంది కాచుకుని ఉండటం ఎవరికైనా మంచిది కాదు, కొంచెం తలకెక్కుతుంది. ఆవిడకీ ఎక్కింది. కాలి దగ్గర మొదలైన సంగతి గనక తలదాకా రావడానికి కొన్నేళ్ళు పట్టింది, అంతే తేడా.

ఇంట్లో అయితే మరీను. అత్తగారు, మొగుడు, మరిది, తోడికోడలు, పిల్లలు, అందరూ రెండు గదుల్లో సర్దుకునే ఇల్లు అది. వీధి కుళాయి నుంచి నీళ్ళ బకెట్లు మొయ్యమంటే, "కాలిమీద పడితే కంపెనీకి నష్టం" అనేది. అలమార జరపమంటే అదే మాట. నీళ్ళు మోసేది, అలమారలు జరిపేది తోడికోడలు. "మా ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, మూడు కాళ్ళు. నాలుగోది కంపెనీది" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. కోడలికి కోపం వచ్చేది కాదు సరికదా, అది పొగడ్త అనుకునేది.

నిజం చెప్పాలంటే ఆవిడ ఆ కుర్చీలో పుట్టలేదు. మొదట్లో గమ్ము బల్ల దగ్గర పనిచేసింది. సోలుకీ పైతోలుకీ గమ్ము రాసి అంటించే బల్ల అది. ఆ వాసనకి కళ్ళు మండేవి, దగ్గు పట్టుకుని వదిలేది కాదు. దగ్గీ దగ్గీ డొక్కలు నొప్పెట్టి, ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుండిపోయేది. అంతకుముందు కాలిపని చేసిన అమ్మాయి ఒకరోజు మానేసింది. మేనేజరు ఆడవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టి ముప్పైఏడో నంబరు కాలు ఎవరిదో చూశాడు. ఈవిడ కాలు కొలిచి చేసినట్టు సరిపోయింది. దగ్గు పోయింది, కుర్చీ వచ్చింది. ఇప్పుడు ఆ గమ్ము బల్ల దగ్గర తోడికోడలు ఉంది. ఆ పిల్ల ఊపిరితిత్తులు గట్టివి, దగ్గదు. అయినా "నీవి బాతు కాళ్ళే, లేకపోతే నిన్ను కూడా పైకి లాగేదాన్ని" అని ఈవిడ అప్పుడప్పుడూ జాలిపడేది.

ఇక మొగుడు. ఆయన అదే కార్ఖానాలో అచ్చుల మేస్త్రి. అచ్చంటే కాలి ఆకారంలో చెక్కిన కొయ్య. దానిమీద తోలు బిగించి బూటు కడతారు, అచ్చు ఎలా ఉంటే బూటు అలా వస్తుంది. షెడ్డు చివర, అరల నిండా కొయ్యకాళ్ళున్న గదిలో ఆయన రోజంతా ఆకురాయి పట్టుకుని కూర్చుంటాడు. ఆ కాళ్ళతో ఉండీ ఉండీ ఆయనకి మాట్లాడే అలవాటు తప్పిందని అత్తగారంటుంది. మనిషి బెల్లంకొట్టిన రాయి. పెళ్ళయ్యాక ఆయన పెళ్ళాన్ని పొగిడింది ఒక్క విషయంలోనే. ఏటా ఒకసారి కంపెనీవారి పాత నల్లబూటుకి పరీక్ష జరుగుతుంది. ఊళ్ళో నర్సులు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, టిక్కెట్లిచ్చే ఆడవాళ్ళు, రోజంతా నిలబడి ఉద్యోగం చేసేవాళ్ళందరూ కొనుక్కునే బూటు అది. ఆవిడ తొడుక్కుని "నిరుడెలా ఉందో అలాగే ఉంది" అంటే, ఆయన తల దించుకుని, "నీ కాలు వెంట్రుకవాసి మారలేదు" అనేవాడు.

ఆ ఒక్క ముక్క కోసం ఆవిడ ఏడాదంతా ఎదురుచూసేది. జుట్టు నెరిసింది, పెళ్ళినాటి ఉంగరం వేలికెక్కడం మానేసింది. కాలు మాత్రం పెళ్ళినాటిదే. అది తల్చుకుంటే చాలు, ఆ రోజు ఇంట్లో ఎవరేమన్నా పట్టించుకునేది కాదు.

అంతా సాఫీగా జరుగుతూండగా విదేశాల నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. వాళ్ళ బూట్లు వాళ్ళ అచ్చుల మీదే కట్టాలని షరతు. అచ్చులు కూడా వాళ్ళే పంపించారు. నీలంరంగు ప్లాస్టిక్‌వి, యంత్రం చెక్కినవి. మేస్త్రి అందులో ముప్పైఏడోది చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చిటికెనవేలి పక్కన బొటనవేలితో రాసి చూసి, మొహం మాడ్చుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన మొహం మామూలుగానే అలా ఉంటుంది.

నమూనా బూటు తయారై కిటికీ దగ్గరికి వచ్చింది. ఆవిడ కాలు దూర్చింది. కళ్ళు మూసుకోబోయి మానేసింది. కాలు సగందాకా వెళ్ళి ఆగిపోయింది. పళ్ళ బిగువున దాన్ని లోపలికి తోసి, లేచి, చెక్కబల్ల దాకా నిప్పుల మీద నడిచినట్టు నడిచి, సిమెంటు నేల సంగతి ఎత్తకుండా తిరిగొచ్చి కూర్చుంది.

"అచ్చు తప్పు," అంది.

"సరిగ్గా చూశావా అమ్మా?" అన్నాడు మేనేజరు. "అంత పెద్ద కంపెనీ."

"ఇన్నేళ్ళలో నా కాలు ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా సార్?"

లేదని మేనేజరు ఒప్పుకోవాల్సి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "ఇంకోసారి ఆలోచించి చెప్పకూడదూ," అన్నాడు.

"ఆలోచించడానికి ఇదేమన్నా లెక్కా? కాలు. పట్టేస్తోంది. అచ్చు తప్పని రాయండి సార్. ఏ కాలు చెప్పిందంటే ఈ కాలు చెప్పిందని రాయండి."

మేనేజరు రాశాడు. రెండో రోజే జవాబు వచ్చింది. మా కొలతలు చూసే మనిషిని పంపుతున్నాం, అచ్చూ కాలూ రెండూ కొలుస్తుంది, అన్నారు. మేనేజరు ఆవిణ్ణి అద్దాల గదికి పిలిచి మెత్తగానే చెప్పాడు. "చూడమ్మా, అచ్చు తప్పని తేలితే నీ మాట పైకొస్తుంది, నాకూ సంతోషం. కాలు తప్పని తేలితే మాత్రం మళ్ళీ అందర్నీ వరసలో నిలబెట్టక తప్పదు."

వరసలో నిలబెట్టడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు. కుర్చీ పోతే మిగిలేది గమ్ము బల్ల. గుండెల్లో రాయి పడింది. అయినా కాలి మీద నమ్మకంతో ఆ రాయిని కూడా మోసుకుంటూ దర్జాగానే బయటికొచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో తోడికోడలు నీళ్ళ బకెట్టు దించి, చెమట తుడుచుకుంటూ ఎంతో ప్రేమగా అడిగింది. "అక్కా, ఒకవేళ నీ కాలు తప్పని తేలితే నీళ్ళెవరు తెస్తారు?"

"నువ్వే తెస్తావు. తేలదు గనక."

మేస్త్రి తింటున్నవాడల్లా తలెత్తాడు. "ఆ రోజు సెలవు పెట్టేయి. జ్వరమని చెప్పు."

"నాకెందుకు జ్వరం? జ్వరం రావాల్సింది ఆ అచ్చుకి. ఏమయ్యా, నువ్వు నా వైపా, ఆ నీలం కొయ్య వైపా?"

"అది కొయ్య కాదు, ప్లాస్టిక్," అన్నాడు ఆయన, మాట దాటేస్తూ. అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏదో ఉందనుకుని, అడిగితే చెప్పరని తెలిసి ఊరుకుంది.

కొలతల మనిషి వచ్చే ముందురోజు మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి రాలేదు. ఆవిడ క్యారేజీ పట్టుకుని షెడ్డు చివరికి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. ఆయన వీపు ఇటుపెట్టి బల్లమీదికి వంగి ఉన్నాడు. ఎదురుగా ఆ నీలం అచ్చు. దాని చిటికెనవేలి పక్కన సన్నటి తోలుపొర ఒకటి గమ్ముతో అంటిస్తున్నాడు. తోలు ప్లాస్టిక్‌ని పట్టుకోవడం లేదు. అంటించగానే జారి బల్లమీద పడుతోంది. ఆయన తీసి మళ్ళీ అంటిస్తున్నాడు, అది మళ్ళీ పడుతోంది.

పక్కనే పాత ముప్పైఏడో కొయ్య పడి ఉంది. ఇన్నేళ్ళ నల్లబూట్లన్నిటికీ తల్లి అది, దాన్ని చూసే మిగతా అచ్చులన్నీ చెక్కుతారు. ఎప్పుడూ గోధుమరంగు పూతతో నున్నగా మెరుస్తూండేది. ఇవాళ చిటికెనవేలి దగ్గర పూత గీకేసి ఉంది. గీకినచోట కొయ్య కనబడలేదు, తోలు కనబడింది. పొర మీద పొర, ఉల్లిపాయలా. బొటనవేలి కీలు దగ్గరా అంతే. ఎంత మందాన ఉందో చూసి అంత మందమూ నీలం దానికి ఎక్కిస్తే, రేపు కొలతల్లో అచ్చూ కాలూ సరిపోతాయని ఆయన ప్రయత్నం.

అడుగుల చప్పుడుకి మేస్త్రి తిరిగి చూసి, నీలం అచ్చుని వీపు వెనక దాచాడు.

"దాచకు, చూసేశాను," అంది ఆవిడ. "ఏమిటివి?"

ఆయన గమ్ము డబ్బాకి మూత పెట్టాడు.

"నిన్నే అడిగేది."

"తోలు పొరలు."

"అది నాకూ కనబడుతోంది. ఎందుకున్నాయి?"

"కొయ్య అరిగితే అంటిస్తాంగా."

"అరిగితే ఒక పొర. ఇన్ని దేనికి?"

ఆయన అచ్చు బల్లమీద పెట్టేశాడు. వేళ్ళకంటిన గమ్ము తుడుచుకుంటూ గోడకేసి చూస్తూ చెప్పాడు. చిన్నవాడు పుట్టిన ఏడాది ఆవిడ కాలు కొంచెం వాచింది. అదే సమయానికి నల్లబూటు పరీక్ష వచ్చింది. వాపేగా, తగ్గిపోతుంది, ఈ ఒక్కసారికి అనుకుని పలచటి పొర అంటించి రంగు పూసేశాడు. వాపు తగ్గలేదు. మరుసటి ఏడాది ఆవిడ ఇంట్లో చెప్పులు విప్పి చిటికెనవేలు నొక్కుకోవడం చూసి, అక్కడ ఇంకో పొర అంటించాడు. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది.

"అంటే నా కాలు పెరిగింది."

"పెరగలేదు. కొంచెం వెడల్పయింది."

"ఎంత?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"సరిగ్గా కొలిస్తే ముప్పైతొమ్మిదికి దగ్గర," అన్నాడు ఆయన గోడతో.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తోడికోడల్ని బాతుకాళ్ళన్నది, బకెట్లు మొయ్యనన్నది, అంత పెద్ద కంపెనీకి తప్పని రాయించింది, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పప్పులో కాలేసింది, అదీ కంపెనీ కాలు.

"మరి ఏటా ఆ ముక్క ఎందుకన్నావు? వెంట్రుకవాసి మారలేదని?"

"మారిందంటే నిన్ను గమ్ము బల్లకి పంపేవాళ్ళు." ఆయన అప్పుడు ఇటు తిరిగాడు. "అప్పట్లో నువ్వు దగ్గిన దగ్గు నాకింకా చెవిలోనే ఉంది. నా చేతిలో ఉన్నది అచ్చొక్కటే. దాన్నే మార్చాను."

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే నేరుగా మేనేజరు దగ్గరికి పోయేదానివి. నీ కాలు అబద్ధం చెప్పదుగా."

నిజమే, పోయేది. ఆవిడకి కోపం వచ్చింది, సిగ్గేసింది. ఆ రెంటి కిందా ఇంకోటి కూడా ఉంది గానీ దాన్ని ఇప్పుడే పలకరించే ఉద్దేశం ఆవిడకి లేదు.

"మరి బయట జనం తొడుక్కునే నల్లబూట్లో?"

"అన్నీ దీన్ని చూసి చేసినవేగా. అన్నీ నీ కాలే."

ఆవిడ గుమ్మం దాటబోతూ, "క్యారేజీ అక్కడ పెట్టాను, చల్లారిపోతుంది" అంది. ఎంత కోపంలోనైనా ఆ మాట ఆవిడ నోటి నుంచి దానంతటదే వస్తుంది.

సాయంత్రం మొగుడి కోసం ఆగకుండా ఒంటరిగా బస్టాపుకి నడిచింది. అక్కడ బెంచీ మీద కూర్చుని మొట్టమొదటిసారి మొహాలు మానేసి కాళ్ళు చూసింది. పని దిగిన ఆడవాళ్ళు, ఎటుచూసినా నల్లబూట్లే. పక్కనే ఆవిడ ఈడు నర్సొకావిడ కూర్చుని ఉంది, కొంచెం ఒళ్ళున్న మనిషి.

"ఎన్నో నంబరు తొడుగుతారండీ?" అని అడిగింది ఈవిడ.

"ముప్పైఏడు," అంది నర్సు, అడిగినందుకే సంతోషపడుతూ. "పెళ్ళినాటి నుంచీ అదే. మా చెల్లెలు నాకంటే చిన్నది, షోకులకి పోయి వేరే కంపెనీవి కొంటుంది. దానికి అప్పుడే ముప్పైతొమ్మిది. నా కాలు మాత్రం చూడండి, వెంట్రుకవాసి మారలేదు."

ఈవిడ చూసింది. బూటు పక్కన చిటికెనవేలు దగ్గర ఆ ఉబ్బు తనదే, ఎక్కడున్నా గుర్తుపట్టేస్తుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో తేలకముందే బస్సొచ్చింది.

ఆ పూట ఇంట్లో ఎవరూ చెప్పకుండానే బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి బయల్దేరింది. తోడికోడలు కంగారుపడి వెంటపడింది. "ఇదేమిటమ్మా, నాలుగో కాలు ఇంటికొచ్చింది," అంది అత్తగారు. మొగుడూ పెళ్ళామూ ఆ పూటంతా ఒకరితో ఒకరు మాట్లాడకుండా అత్తగారి ద్వారానే మాట్లాడారు.

మర్నాడు కొలతలావిడ వచ్చింది. పెద్ద కంపెనీ మనిషి కదా అని అందరూ బిగుసుకుపోయి ఉంటే, ఆవిడ పాతికేళ్ళ పిల్ల, మెత్తటి గొంతు. సంచీలోంచి జారే పట్టీ ఉన్న ఇనపపలక తీసి తనే నేలమీద కూర్చుంది. నమూనాల గది గుమ్మం నిండా జనం. మేనేజరు నాలుగు మంచిమాటలు చెప్పాడు, ఈ కాలు మా కంపెనీకి ఎంత నమ్మకమో అన్నాడు. కాలి యజమానురాలు చేతులున్న కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉంది.

"ఇలా పెట్టండమ్మా," అంది ఆ పిల్ల పలక చూపిస్తూ.

అప్పుడే గుమ్మం దగ్గర జనం కదిలారు. మేస్త్రి చేతిలో పాత కొయ్య పట్టుకుని ముందుకొస్తున్నాడు. నోరు తెరవబోతున్నాడు. జన్మకి నలుగురిలో నోరు తెరవని మనిషి ఇవాళ తెరిచాడంటే ఏం చెప్పబోతున్నాడో ఆవిడకి అర్థమైంది. అది చెబితే ఆయన ఉద్యోగం ఊడుతుందనీ అర్థమైంది.

"కొలవక్కర్లేదమ్మా," అంది గబగబా. "మీ అచ్చు సరైనదే. నా కాలే ముప్పైఏడు కాదు."

మేనేజరు తేరుకుని, "అదేమిటమ్మా, మొన్నటిదాకా మన బూట్లన్నీ సరిపోయాయిగా?" అన్నాడు.

"మొన్నటిదాకా బానే ఉంది సార్. రాత్రికి రాత్రి పెరిగింది."

ముందు తోడికోడలు కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు, కొలతల పిల్ల కూడా. మేస్త్రి నవ్వలేదు. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కొలతలావిడ నవ్వుతూనే చెయ్యి చాపి ఆయన చేతిలోని కొయ్య తీసుకుంది, టేపు చుట్టింది, కనుబొమ్మలెత్తింది. "ఇదీ ముప్పైఏడు కాదండీ."

"అచ్చు కూడా రాత్రికి రాత్రే పెరిగిందా?" అన్నాడు మేనేజరు, ఈసారి నవ్వకుండా మేస్త్రి వైపు చూస్తూ.

"సార్, మీరు ఆ అచ్చుని ఏమీ అనకండి," అంది ఆవిడ. "నిన్న బస్టాపులో ఒక నర్సు నాతో ఏమందో తెలుసా? పెళ్ళినాటి నుంచీ తన కాలు వెంట్రుకవాసి మారలేదంది. మన నల్లబూటు తొడుక్కుని అంది. ఇప్పుడు ఆ కొయ్యని సరిచేశారంటే ఊళ్ళో ఆడవాళ్ళందరి కాళ్ళూ ఒక్కరోజులో పెరుగుతాయి. పెరిగాక వాళ్ళు మన కొట్టు మెట్లెక్కుతారో లేదో మీరే చూసుకోండి."

మేనేజరు కొయ్యని చూశాడు, గీకినచోట పొరలు చూశాడు, మేస్త్రిని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. ఆయనా పెళ్ళయినవాడే. సంగతంతా అర్థమైంది. "దాన్ని తీసుకెళ్ళి ఉన్నచోట పెట్టు మేస్త్రీ," అన్నాడు చివరికి. "నల్లబూటు జోలికి పోను. కానీ ఇకమీదట నన్నడక్కుండా ఈ కార్ఖానాలో ఏ అచ్చూ పెరగడానికి వీల్లేదు."

తర్వాత ఆడవాళ్ళని వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కరే వచ్చి పలక మీద కాలు పెట్టారు. కొందరిది పొడుగు, కొందరిది సన్నం. తోడికోడలు కాలు పెట్టేసరికి జారే పట్టీ వచ్చి దానంతట అదే సరైన గీత దగ్గర ఆగింది. కొలతలావిడ రెండోసారి కొలిచి, "ఇదే" అంది.

బాతుకాలు. ఇన్నేళ్ళూ ఇంట్లో నీళ్ళు మోసిన కాలు. ఆ పిల్లకి సంతోషం కంటే భయం ఎక్కువేసి, "అక్కా, నేను కావాలని కాదు" అంది.

ఆవిడ కుర్చీలోంచి లేచింది. లేవడం ఆవిడకి కష్టంగానే ఉంది, దాచుకోలేదు కూడా. "కూర్చో," అంది. "చేతులెక్కడ పెట్టాలో మొదట తెలీదు. రెండ్రోజులకి అలవాటవుతుంది."

ఇక గమ్ము బల్ల దగ్గర చోటు ఖాళీ అయింది. మేనేజరు ఆ సంగతి పైకి అనలేదు గానీ కళ్ళు అటే వెళ్ళాయి. అందరి కళ్ళూ వెళ్ళాయి.

"ఆ బల్లకి నేను పోతాను సార్," అన్నాడు మేస్త్రి. ఆ మాట గుమ్మం అవతలిదాకా వినబడింది. "దాన్ని పంపకండి. దానికా వాసన పడదు."

కార్ఖానాలో ఎవరూ ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి విని ఎరగరు. ఆవిడ తల దించుకుంది. నిన్న పలకరించకుండా వదిలేసిన ఆ మూడోదాన్ని ఇప్పుడిక పలకరించక తప్పలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందని పక్కనున్నవాళ్ళకి చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"నువ్వు పోతే అచ్చులు నేను చెక్కాలా?" అని విసుక్కున్నాడు మేనేజరు. గమ్ము బల్లకి కొత్తమనిషిని చూస్తానని, ఆవిణ్ణి ప్యాకింగు వైపు పంపాడు. అక్కడ బూట్లకి పల్చటి కాగితం చుట్టి పెట్టెల్లో సర్ది మీద నంబర్లు అంటించాలి. చేతులున్న కుర్చీ లేదు. స్టూలుంది, అదీ కొంచెం ఊగుతుంది.

ఇంట్లో ఇప్పుడు నీళ్ళు మోసేది పెద్దకోడలు. చిన్నకోడలు బకెట్టు ముట్టుకోబోతే, "నీ కాలిమీద పడితే కంపెనీకి నష్టం, పక్కకి జరుగు" అని తనే లాక్కుంటుంది. "ఇద్దరు కోడళ్ళు, మూడు కాళ్ళు," అంటుంది అత్తగారు వచ్చినవాళ్ళతో. "లెక్క మారలేదు, కాలే మారింది."

మొగుడితో మాత్రం ఆవిడ ఇంకా ముభావంగానే ఉంది. కోపం పోయి చాలారోజులైంది, కానీ పోయిందని చెప్పడానికి సందర్భం దొరకలేదు. ఒకరోజు భోజనాల వేళ ఆయనే ప్యాకింగు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పాతకొయ్య గీకుడికి పగులిచ్చింది. నల్లబూటుకి కొత్తది చెక్కాలి."

"చెక్కు."

"కాలు కావాలి."

షెడ్డు చివర గదిలో కొయ్యకాళ్ళన్నీ అరల్లోంచి చూస్తూండగా, ఆయన నేలమీద తెల్లకాగితం పరిచాడు. ఆవిడ చెప్పు విప్పి కుడికాలు దానిమీద పెట్టింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో చీలమండ పట్టుకుని, మడమ దగ్గర పెన్సిల్ పెట్టాడు. ఇన్నేళ్ళూ ఆ కాలిని దొంగచూపులతోనే కొలిచిన మనిషి. కొలవడానికి చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు.

"కదలకు."

"చక్కిలిగింత పెడుతున్నావు."

పెన్సిల్ నెమ్మదిగా పక్క వెంబడి వచ్చింది. చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి, ఉబ్బు చుట్టూ తిరగాల్సింది, తెలిసో తెలియకో కాస్త లోపలికి జరిగింది. ఆవిడ పైనుంచి చూస్తూనే ఉంది.

"ఏమయ్యా, అక్కడ తప్పుతున్నావు. ఉన్నదున్నట్టు గీయి."

ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. ఈసారి గీత వేలిని ఆనుకుని, ఉబ్బంతా చుట్టి వచ్చింది. వెడల్పాటి కాలు, కాగితం మీద ఇంకా వెడల్పుగా కనబడింది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

"నంబరెంత వెయ్యను?" అన్నాడు ఆయన తలెత్తకుండా.

"ముప్పైఏడే వెయ్యి," అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే మోశావు ఆ అబద్ధాన్ని. ఇక ఇద్దరం మోద్దాం."

ఆయన కాగితం మూల నంబరు వేశాడు. వేసి పెన్సిల్ కింద పెట్టాడు గానీ, కాలు మాత్రం వెంటనే వదల్లేదు.